ఆపరేషన్ అయ్యాక నాన్న సరిగ్గా తినట్లేదు, బరువు పడిపోతోంది, ఏం చేయాలి?

చిన్నోడి_కంగారు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్నకి 67 ఏళ్ళు, పెద్దపేగులో గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి తీసేశారు, కుట్లు బాగానే ఆరుతున్నాయి, భయపడాల్సిందేమీ లేదన్నారు, ఇంటికి తీసుకొచ్చేశాం. ఇప్పుడు సమస్యంతా తిండి దగ్గరే. ఆరు నెలల క్రితం 72 కేజీలు ఉండేవారు, నిన్న తూకం చూస్తే 64. ప్యాంటు నడుం మీద నిలవట్లేదు, భుజాల దగ్గర ఎముకలు తేలాయి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది. పొద్దున్న ఒక గ్లాసు జ్యూసు, మధ్యాహ్నం పల్చటి సూపు, రాత్రి నాలుగు ముద్దలు తిని చాలు కడుపు నిండిపోయింది అని పక్కకి తిరిగి పడుకుంటారు.

డిశ్చార్జి కాగితాల్లో మందుల గురించి పేజీ నిండా రాశారు కానీ తిండి గురించి ఒకే ఒక్క మాట, సాఫ్ట్ డైట్ అని, అంతే. అడిగితే మెల్లగా అదే అలవాటవుతుందన్నారు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బీఎంఐ లెక్కేస్తే 22 వచ్చింది, నార్మలే కదా ఎందుకు కంగారు అంటాడు మా అన్నయ్య. బంధువులేమో రెండు గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కిస్తే ఓపిక అదే వస్తుందంటారు. రక్తపరీక్షలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తక్కువ ఉందని ప్రోటీన్ పౌడర్ పట్టించమని ఇంకొకళ్ళు. పైగా షుగర్ ఉంది, మాత్రలు వాడతారు, దానికి భయపడి అమ్మ ఇది వద్దు అది వద్దు అంటూ ఉంటుంది. అసలు ఇలా తగ్గడం మామూలేనా? బలవంతంగానైనా తినిపించాలా, ఆకలి వచ్చేదాకా ఆగాలా? భోజనం టైం అయితే చాలు ఇంట్లో గొడవే.


కొలత_చెంచా:

నేను డైటీషియన్ని, వార్డుల్లోనే పని. మీ నాన్నగారిని చూడకుండా వైద్యం చెప్పను గానీ లెక్కలు మాత్రం చెప్తాను, అవి పట్టుకుని మీ డాక్టర్ దగ్గర గట్టిగా అడగండి.

మొదట ఆ బీఎంఐ 22 సంగతి. మీ అన్నయ్యగారిలాగే చాలామంది డాక్టర్లు కూడా అక్కడే ఆగిపోతారు. బీఎంఐ ఇవాళ్టి బొమ్మ మాత్రమే చూపిస్తుంది, మనిషి ఎటు జారుతున్నాడో చూపించదు. 72 నుంచి 64 అంటే 8 కేజీలు, అంటే 11 శాతం, అదీ ఆరు నెలల్లో, అదీ తగ్గాలని అనుకోకుండా. పోషకాహార లోపం రిస్కు ఎంతుందో కొలవడానికి ఆస్పత్రుల్లో వాడే మస్ట్ అనే స్కోరు ఉంది, బ్రిటన్‌లో 2003లో వచ్చింది, దాంట్లో మూడు నుంచి ఆరు నెలల్లో 10 శాతం కంటే ఎక్కువ బరువు కోరకుండా తగ్గితే దానికొక్కదానికే 2 మార్కులు పడతాయి, 2 దాటనక్కర్లేదు, 2 వస్తేనే హై రిస్క్ కింద లెక్క. బీఎంఐ మార్కు సున్నా అయినా సరే. కాబట్టి ఇది మామూలు కాదండి, ఆగి చూద్దాం అనే దశ దాటింది. వంద కేజీలున్న మనిషి కూడా ఇలా కండ పోగొట్టుకుని పోషకాహార లోపంలో పడతాడు, లావుగా ఉన్నాడు కదా అని ఎవరూ పట్టించుకోరు, అలాంటి కేసులు వార్డులో చూస్తూనే ఉంటాం.

ఎందుకు ఇంత తొందరగా తగ్గిపోతారంటే, మామూలు పస్తు వేరు, జబ్బులో పస్తు వేరు. ఆరోగ్యంగా ఉన్నవాడు తినకపోతే ఒళ్ళు మెల్లగా సర్దుకుంటుంది, ఖర్చు తగ్గించుకుంటుంది, కొవ్వు మీద బతకడం మొదలుపెడుతుంది. ఇన్‌ఫెక్షనో, ఆపరేషనో, క్యాన్సరో ఉన్నప్పుడు ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే జబ్బుతో గాయంతో పోరాడే వాపు లాంటి స్పందన, నడుస్తుంటుంది, అప్పుడా సర్దుబాటు జరగదు, గాయం మానడానికి రక్షణ కణాలు తయారవడానికి కావాల్సిన సరుకు కోసం కండనే కరిగించేస్తుంది, అదే ఇన్‌ఫ్లమేషన్ ఆకలిని కూడా చంపేస్తుంది. అందుకే "ఆకలేస్తే తింటారులే" అనేది ఇక్కడ పనిచేయదు.

ఇప్పుడు ఎంత కావాలో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కేజీ బరువుకి రోజుకి 0.8 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందంటారు, జబ్బుపడి కోలుకునే పెద్దవయసు వాళ్ళకి 1.2 నుంచి 1.5 గ్రాములు. 64 కేజీలకి అది దగ్గర దగ్గర 77 నుంచి 96 గ్రాములు. క్యాలరీలు కేజీకి 30 చొప్పున వేసుకుంటే 1900. మీరు రాసిన మెనూ చూడండి, గ్లాసు జ్యూసులో 90 క్యాలరీలు ఉంటాయేమో, ప్రోటీన్ దాదాపు లేనట్టే, పల్చటి సూపు అంటే వేడినీళ్ళు ఉప్పు, దాంతో కడుపు నిండిపోతుంది కానీ ఒంటికి ఏమీ అందదు. చిన్న కడుపులో ఆ కాస్త చోటూ నీళ్ళకే ఇచ్చేస్తున్నాం అన్నమాట. భోజనానికి ముందు నీళ్ళు, జ్యూసు, సూపు ఆపేయండి, తాగేవన్నీ మధ్యమధ్యలో ఇవ్వండి.

పరిమాణం పెంచకండి, చిక్కదనం పెంచండి. ఇదే నేను రోజూ పదిమందికి చెప్పేది. అర లీటరు పాలల్లో నాలుగు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపితే అదే గ్లాసు పరిమాణంలో ప్రోటీన్ దాదాపు రెట్టింపు అవుతుంది, 16, 17 గ్రాముల దగ్గర్నుంచి 35 దాకా వెళ్తుంది. ఆ పాలే సూపులో, తాగేవాటిలో, పెరుగు తోడెయ్యడానికీ వాడండి. ఒక పెద్ద చెంచా నూనె లేదా కరిగించిన వెన్న మెత్తగా వండిన దేంట్లోనైనా కలిపితే కంటికి కనపడకుండా వంద పైచిలుకు క్యాలరీలు. గుడ్డులో 6 గ్రాములు, చిన్న గ్లాసు పాలల్లో 6, 7. మూడు పెద్ద భోజనాలు పెట్టి యుద్ధం చేసేకంటే రెండు రెండున్నర గంటలకోసారి అరచేతిలో పట్టేంత పెట్టండి. పేగు ఆపరేషన్ కాబట్టి పీచు ఎక్కువున్నవి కొన్ని వారాలు తగ్గించమని మీ సర్జన్ చెప్పి ఉంటారు, అది మాత్రం పాటించండి.

ఇక గ్లూకోజ్ బాటిల్. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక లీటరు ఎక్కిస్తే అందులో ఉండేది 50 గ్రాముల చక్కెర, 170 క్యాలరీలు, ప్రోటీన్ సున్నా. మామూలు సెలైన్‌లో అయితే ఆ 170 కూడా లేవు, ఉప్పునీళ్ళే. పాలపొడి కలిపిన ఒక గ్లాసు పాలు దానికంటే ఎక్కువ ఇస్తాయి. నీళ్ళు తగ్గిపోయినప్పుడు డ్రిప్ ప్రాణం కాపాడుతుంది, కాదనను, కానీ అది తిండి కాదు. డ్రిప్ ఎక్కాక హుషారు కనిపిస్తే అది డీహైడ్రేషన్ పోయిన హుషారు.

ఆల్బుమిన్ తక్కువైతే తిండి తక్కువైందని అర్థం కాదు. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే లివర్ దాని తయారీ తగ్గించేస్తుంది, రక్తనాళాల్లోంచి బయటికీ జారిపోతుంది, అందుకే ఈమధ్య ఆ నంబరుని పోషణకి కొలతగా వాడొద్దని మా సంఘాలే చెప్తున్నాయి. రెండు వారాలు బాగా తిన్నా అది కదలకపోవచ్చు, చూసి డీలా పడకండి. బరువు, రోజూ తిన్నది, కుర్చీలోంచి లేవగలగడం, ఈ మూడూ చూడండి చాలు.

ముందు మూడు రోజులు ఏం తిన్నారో, ఎంత వదిలేశారో కాగితం మీద రాయండి. వండింది కాదు, లోపలికి వెళ్ళింది రాయండి.


ఒంటికే_తెలుసు:

ఇంత లెక్కలు అవసరమా అండి. జంతువులు జబ్బు చేస్తే తిండి మానేస్తాయి, ఒంటికి తెలుసు ఎప్పుడు తినాలో. జ్వరంలో లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అన్లేదు. కడుపుకి రెస్ట్ ఇస్తే అదే కుదురుకుంటుంది, బలవంతంగా కుక్కితే అజీర్తి చేసి ఇంకా నీరసపడతారు. ఆకలి పుట్టే సిరప్ ఒకటి తెచ్చి పోయండి, పది రోజుల్లో ప్లేటు ఖాళీ చేస్తారు.


రాత్రిడ్యూటీ_సిస్టర్:

@ఒంటికే_తెలుసు, జలుబు చేసిన పాతికేళ్ళ కుర్రాడు ఒకటి రెండు రోజులు తినకపోతే ఏమీ కాదు, అక్కడిదాకా మీతో నేనూ ఒప్పుకుంటా. ఆరు నెలల్నుంచి కరిగిపోతున్న 67 ఏళ్ళ మనిషికి, పేగు కోసి కుట్టిన మనిషికి అదే మాట చెప్తే ఎలాగండి. జంతువు లేవలేకపోతే చచ్చిపోతుంది, దాన్ని మనం ఆదర్శంగా తీసుకోలేం కదా.

మంచాన పడితే కండ ఎంత తొందరగా పోతుందో చెప్తా. 2007లో ఒక ప్రయోగం చేశారు, ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్ళని 10 రోజులు మంచం దిగకుండా పడుకోబెట్టారు, తిండి పెడుతూనే. ఒక్క కాళ్ళల్లోనే దగ్గర దగ్గర కేజీ కండ పోయింది. వాళ్ళు ఆరోగ్యవంతులు! ఐసీయూ పేషెంట్లలో 2013లో స్కాన్ పెట్టి కొలిస్తే పది రోజుల్లో తొడ కండరం అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం సుమారు 18 శాతం తగ్గింది. పోవడానికి పది రోజులు, తిరిగి రావడానికి నెలలు.

తినిపిస్తే లాభం ఉందా అన్నదానికి కూడా జవాబు ఉంది. స్విట్జర్లాండ్‌లో 8 ఆస్పత్రుల్లో రెండు వేల మందికి పైగా పేషెంట్లని తీసుకుని సగం మందికి మామూలు ఆస్పత్రి తిండి, సగం మందికి డైటీషియన్ లెక్కగట్టి వాళ్ళకి నచ్చినట్టు మార్చి ఇచ్చిన తిండి పెట్టారు, 2019లో ఫలితాలు వచ్చాయి. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు మామూలు తిండి వాళ్ళలో 10 శాతం, రెండో గుంపులో 7 శాతం. కొత్త మందేదైనా ఇంత తేడా చూపిస్తే పేపర్లన్నీ మొదటి పేజీలో వేసేవి, తిండి కాబట్టి ఎవరికీ తెలీదు.

పేగుకి రెస్ట్ అనేది కూడా పాత మాటే. పేగు ఆపరేషన్ అయినా చాలామందికి అదే రోజు లేదా మర్నాడే నోటితో మొదలుపెట్టేస్తున్నారు ఇప్పుడు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, తొందరగా తినిపించి తొందరగా నడిపించడం. ఆపరేషన్‌కి ముందు కూడా గట్టి ఆహారం 6 గంటల ముందు దాకా, నీళ్ళలాంటివి 2 గంటల ముందు దాకా చాలామందికి ఇవ్వచ్చు. కానీ ఇంకా చాలాచోట్ల రాత్రి నుంచే నోరు కట్టేస్తారు, ఆపరేషన్ వాయిదా పడితే మర్నాడు మళ్ళీ అదే కథ, స్కానింగ్ అని ఇంకోరోజు పస్తు. జబ్బు కంటే ముందు ఈ పస్తులే సగం మందిని కుంగదీస్తాయి అని నా కోపం.

తమ్ముడూ, నువ్వు ఇంట్లో ఇవి చూసుకో. నాన్నగారికి కట్టుడు పళ్ళు ఉన్నాయా? బరువు తగ్గితే చిగుళ్ళు కూడా తగ్గి సెట్టు వదులవుతుంది, నమలలేక మానేస్తారు, అడిగితే ఆకలి లేదనే చెప్తారు. నోట్లో తెల్లపూత గానీ పుళ్ళు గానీ ఉన్నాయేమో టార్చి వేసి చూడు. మోషన్ ఎన్ని రోజులకి అవుతోంది? నొప్పి మాత్రల్లో కొన్ని బాగా మలబద్ధకం చేస్తాయి, కడుపు బిగిసి ఉంటే ముద్ద ఎలా దిగుతుంది. నొప్పి మాత్ర, వాంతి మాత్ర భోజనానికి అరగంట ముందు పడేలా టైం మార్చొచ్చా అని డాక్టర్ని అడుగు. పడుకోబెట్టి తినిపించకు, కుర్చీలో కూర్చోబెట్టు. వార్డులో నేను చూసేది ఏంటంటే ట్రే వస్తుంది, చెయ్యి అందని దూరంలో పెట్టి వెళ్ళిపోతారు, గంట తర్వాత అలాగే తీసుకెళ్ళి ఛార్టులో "తినలేదు" అని రాస్తారు, మూత తీసి చేతికి అందిస్తే తినేవాడేమో ఎవరు చూశారు. ఇంట్లో అయినా అంతే, పక్కన కూర్చుని ఎవరైనా కలిసి తింటే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

ఇంకోటి, పక్కకి తిరిగి పడుకోవడం, ఎవరితో మాట్లాడకపోవడం అలాగే సాగితే మనసు కుంగిందేమో కూడా చూపించు. అది ఉంటే ఎంత రుచిగా వండినా లాభం ఉండదు.


కొలత_చెంచా:

సిస్టర్ గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతా, ఆ ఆకలి సిరప్ సంగతి. సొంతంగా కొని పోయకండి దయచేసి. ఆకలి పెంచే మందుల్లో కొన్ని పెద్దవాళ్ళని మత్తుగా చేసి పడేలా చేస్తాయి, ఒక రకం రక్తం గడ్డకట్టే రిస్క్ పెంచుతుంది, పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి ఆ రిస్క్ అప్పటికే ఎక్కువ. పైగా దానితో పెరిగే బరువులో ఎక్కువ కొవ్వే, కండ కాదు.


పెద్దకూతురు_వంటిల్లు:

మా అమ్మకి కీమో నడిచినన్నాళ్ళూ వంట నాదే కాబట్టి రాస్తున్నా, చదువుకున్నదాన్ని కాదు ఈ విషయంలో, చూసి నేర్చుకున్నదే. నోరంతా ఇనుప రుచి అనేది, స్టీలు చెంచా మాన్పించి ప్లాస్టిక్ చెంచా ఇచ్చాక కొంచెం నయం. వంట వాసనకే కడుపులో తిప్పేది, అందుకని వేడివేడిగా పెట్టడం మానేసి చల్లార్చి పెట్టేదాన్ని, చల్లటివాటికి వాసన తక్కువ. కొన్నాళ్ళు తీపి అస్సలు పడలేదు, తర్వాత తీపి తప్ప ఏదీ పడలేదు, నిన్న ఇష్టంగా తిన్నది ఇవాళ చూస్తేనే మొహం తిప్పేసుకునేది. నువ్వే కదా నిన్న బావుందన్నావ్ అని వాదించి లాభం లేదు, నాలుక నిజంగానే మారిపోతుంది వాళ్ళకి, వేషాలు కాదు. బాగా ఇష్టమైనవి మాత్రం వాంతులు ఎక్కువున్న రోజుల్లో పెట్టకండి, ఆ వాంతితో ముడిపడిపోయి తర్వాత జన్మలో ముట్టుకోరు.

పొద్దున్నపూట ఓపిక ఉండేది, సాయంత్రానికి అయిపోయేది, కాబట్టి రోజు మొత్తంలో గట్టి తిండి పొద్దున్నే పెట్టేసేదాన్ని. పెద్ద కంచంలో కొంచెం పెడితే తినేది కాదు గానీ చిన్న గిన్నెలో అదే పెడితే అయిపోయేది, కంచం చూస్తేనే భయం వాళ్ళకి.

గొడవ గురించి అడిగావు కదా. ఎంత తిన్నావ్ ఎంత తిన్నావ్ అని గంటగంటకీ అడగడం ఆపు బాబూ. ఆ ప్రశ్న ఒంటరిగా కాగితాన్ని అడుగు, ఆయన్ని కాదు. అప్పుడు మీ ఇద్దరికీ మాట్లాడుకోడానికి వేరే విషయాలు మిగుల్తాయి.


చిన్నోడి_కంగారు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. చెప్పినట్టే రాసి చూశాం. మేం ఎక్కువే తింటున్నారనుకున్న రోజు కూడా ప్రోటీన్ 30 గ్రాములు దాటట్లేదు, క్యాలరీలు వెయ్యి లోపు. అన్నయ్య కూడా కాగితం చూశాక ఇంక నార్మల్ అనే మాట ఎత్తట్లేదు. కట్టుడు పళ్ళు నిజంగానే వదులుగా ఉన్నాయి, మాట్లాడుతుంటే కదులుతున్నాయి, ఇన్నాళ్ళూ గమనించలేదు, డెంటిస్ట్ దగ్గర టైం తీసుకున్నాం. పాలపొడి ట్రిక్ బాగుంది, తేడా తెలియకుండా తాగేస్తున్నారు.

ఇప్పుడు అమ్మ భయం ఏంటంటే షుగర్ పెరిగిపోతుందని. ఇంకొకటి, ఎవరో ప్రోటీన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయని చెప్పారు, ఆయన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపించే రక్తపరీక్ష) నార్మలే ఉంది. రెడీమేడ్ న్యూట్రిషన్ డ్రింకులు, పౌడర్లు వాడొచ్చా? ముక్కులోంచి ట్యూబ్ వేయాల్సి వస్తుందా అని కూడా లోపల భయంగా ఉంది.


కొలత_చెంచా:

షుగర్ సంగతి అమ్మగారికి ఇలా చెప్పండి. ఇప్పుడున్న ప్రమాదం పట్టికలో షుగర్ రెండోది, కండ కరిగిపోవడం మొదటిది. తిండి కోసేసి షుగర్ తగ్గించడం కాదు, తిండి పెట్టి దానికి తగ్గట్టు మందు సర్దడం. చక్కెర గుమ్మరించమని కాదు, పాలు గుడ్లు పప్పులు మాంసం చేపలు నూనెలతో క్యాలరీలు పెంచితే షుగర్ మరీ ఎగరదు. అసలు భయపడాల్సింది ఇంకోవైపు నుంచి: తిండి సగానికి పడిపోయినా పాత డోసు మాత్రలే వేసుకుంటుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, కొన్నిరకాల మాత్రలకీ ఇన్సులిన్‌కీ మరీను. వణుకు, చెమటలు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే చూడండి. డోసులు ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడుకోండి, తిండి పెరిగేకొద్దీ మళ్ళీ మాట్లాడండి.

కిడ్నీ బాగున్నవాళ్ళకి 1.2, 1.5 గ్రాముల ప్రోటీన్‌తో కిడ్నీ పాడవ్వదు. పాత కిడ్నీ జబ్బు ఉండి డయాలిసిస్ లేనివాళ్ళకే ప్రోటీన్ తగ్గించే మాట వస్తుంది, వాళ్ళకి కూడా ఆపరేషనో ఇన్‌ఫెక్షనో అయినప్పుడు ఆ కోత పక్కన పెడతాం. డయాలిసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ప్రోటీన్ పెంచాలి. లివర్ సిరోసిస్‌లో కూడా ఒకప్పుడు ప్రోటీన్ మాన్పించేవాళ్ళు, ఇప్పుడు పెంచమంటారు, రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినమంటారు, ఎందుకంటే వాళ్ళకి ఒక్క రాత్రి పస్తే చాలా రోజుల పస్తు కింద పడుతుంది. పాత డైట్ చార్టులు ఇంటింటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి, అదీ గోల.

రెడీమేడ్ డ్రింకులు వాడొచ్చు. 200 ఎంఎల్ బాటిల్‌లో 300 క్యాలరీలు ఉండే రకాలు వస్తాయి, షుగర్ ఉన్నవాళ్ళకి వేరే రకాలున్నాయి. భోజనం బదులు ఇస్తే మాత్రం దండగ, భోజనాల మధ్యలో ఇవ్వండి. గటగటా తాగిస్తే కడుపు ఉబ్బి విరోచనాలు పట్టుకుని ఇది మాకు పడలేదని అటక మీద పెట్టేస్తారు, చల్లగా చేసి అరగంట గంట సేపు కొద్దికొద్దిగా చప్పరించాలి. ఉట్టి ప్రోటీన్ పౌడర్ వేరు, ఇది వేరు, వ్యాయామశాలకి వెళ్ళేవాళ్ళ పౌడర్‌లో క్యాలరీలు, విటమిన్లు అంతగా ఉండవు, క్యాలరీలు చాలకపోతే ఆ ప్రోటీన్‌ని కూడా ఒళ్ళు పొయ్యిలో కట్టెలా కాల్చేస్తుంది, కండ కట్టదు.

ట్యూబ్ అనగానే ఆఖరి దశ అనుకోకండి. నోటితో ఎంత ప్రయత్నించినా వారం పది రోజులు సగం కూడా అందకపోతే, పేగు పనిచేస్తుంటే, కొన్ని వారాలు ట్యూబ్ పెట్టి లేపి తర్వాత తీసేస్తారు. మీ నాన్నగారు తాగుతున్నారు, తింటున్నారు, చాలావరకు అక్కడిదాకా రాకూడదు. ఇంటికొచ్చాక ఆకలి తిరిగొచ్చినా కూడా ఈ చిక్కదనం ఇంకో రెండు మూడు నెలలు ఆపకండి, బరువు కదలడం మొదలవగానే మానేసేవాళ్ళే ఎక్కువ.


బావగారి_గొడవ:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా బావ కామెర్లు, ఇన్‌ఫెక్షన్‌తో పన్నెండు రోజులుగా దాదాపు నీళ్ళ మీదే ఉన్నాడు, ముందు నుంచీ మందు అలవాటు కూడా. ఇది చదివి ఇవాళ్టి నుంచే పాలపొడి, గుడ్లు, వెన్న, డ్రింకులు అన్నీ గట్టిగా మొదలుపెట్టేద్దామని అక్క అంటోంది. ఓకేనా?


కొలత_చెంచా:

ఆగండి ఆగండి. వద్దు. మీ బావగారిది వేరే కేసు, ఇంట్లో మొదలుపెట్టకండి, ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పది రోజులకి పైగా దాదాపు ఏమీ తినని మనిషికి, పైగా మద్యం అలవాటున్న మనిషికి ఒక్కసారిగా బాగా పెడితే రీఫీడింగ్ సిండ్రోమ్ అని వస్తుంది. పస్తులో ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు ఖాళీ అయి ఉంటాయి, తిండి పడగానే ఇన్సులిన్ లేచి రక్తంలో మిగిలిన ఆ కాస్తా కణాల్లోకి లాగేస్తుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు సహకరించవు, ఒళ్ళు నీరు పడుతుంది. మొదటి కొన్ని రోజుల్లోనే జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఖైదు శిబిరాల్లోంచి బయటపడ్డవాళ్ళకి కడుపునిండా పెడితే కొంతమంది తిండి దొరికాకే చనిపోయారు, ఇది లోకానికి తెలిసింది అప్పుడే.

అందుకని ఇలాంటివాళ్ళకి రక్తంలో ఆ మూడూ చూసి, తిండికి ముందే థయమిన్ అంటే విటమిన్ బి1 ఇచ్చి, కేజీకి 10 క్యాలరీలు లాంటి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచుతారు. బీఎంఐ 16 లోపు ఉన్నా, 15 శాతం పైన బరువు తగ్గినా ఇదే జాగ్రత్త. గ్లూకోజ్ డ్రిప్ కూడా ఇక్కడ అమాయకమైంది కాదు, థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. క్యాజువాలిటీలో "పన్నెండు రోజులుగా తినలేదు, మద్యం అలవాటుంది" అని ఈ రెండు మాటలూ మీ అంతట మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.


బావగారి_గొడవ:

బయల్దేరుతున్నాం. థాంక్స్ అండి.


ఒంటికే_తెలుసు:

సరే, లంఖణం మాట వెనక్కి తీసుకోను గానీ ఈ కేసులో కాదని ఒప్పుకుంటున్నా. ఒక డౌటు మాత్రం ఉంది. మా ఇంట్లో పెద్దావిడకి పక్షవాతం వచ్చాక బరువు తగ్గలేదు, పైగా ఒక కేజీ పెరిగింది కూడా, కానీ చేతులు పుల్లల్లా అయ్యాయి. నీళ్ళు తాగితే దగ్గొస్తోంది. తిండి బానే ఉన్నట్టా లేనట్టా?


రాత్రిడ్యూటీ_సిస్టర్:

కాళ్ళ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి, గుంట పడి అలాగే ఉంటే అది నీరు. నీరు పట్టినవాళ్ళలో తూకం అబద్ధం చెప్తుంది, కండ కరిగిపోతున్నా బరువు అలాగే కనిపిస్తుంది. కాళ్ళకి నీరు లేకపోతే టేపుతో పిక్క లావైన చోట చుట్టుకొలత తీయండి, పెద్దవాళ్ళలో 31 సెంటీమీటర్లకి తక్కువుంటే కండ తగ్గిందని అనుమానించాలి. కాళ్ళకి నీరుంటే ఈ కొలత కూడా పనికిరాదు, పై చెయ్యి చూడండి, పుల్లల్లా అయ్యాయని మీరే అంటున్నారు కదా, జవాబు అక్కడే ఉంది.

నీళ్ళకి దగ్గు రావడం మాత్రం ఇవాళే పట్టించుకోవాల్సిన విషయం. పక్షవాతం తర్వాత మింగే కండరాలు దెబ్బతింటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా వస్తుంది. తాగాక గొంతు తడిగా గరగరమంటున్నా, తినేటప్పుడు కళ్ళల్లో నీళ్ళొస్తున్నా అదే గుర్తు. కొందరికైతే దగ్గు కూడా రాదు, చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. స్పీచ్ థెరపిస్టులు మింగడం పరీక్ష చేసి ఏ చిక్కదనంలో ఇవ్వాలో చెప్తారు, పల్చటి నీళ్ళ నుంచి మామూలు భోజనం దాకా 0 నుంచి 7 వరకు లెవెల్స్ ఉంటాయి, అన్ని దేశాల్లో ఒకేలా వాడాలని పెట్టినవి. పరీక్ష అయ్యేదాకా ఏదీ సొంతంగా చిక్కబెట్టడం, స్ట్రాతో తాగించడం చేయకండి, నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. చిక్కబెట్టిన నీళ్ళు చాలామందికి నచ్చక తాగడం తగ్గించేస్తారు, అప్పుడు డీహైడ్రేషన్ చూసుకోవాలి, మూత్రం రంగు గమనించండి.

@చిన్నోడి_కంగారు తమ్ముడూ, నీకు ఒకటి చెప్పడం మర్చిపోయా. తిండి ఒక్కటే పెంచితే కండ రాదు, కండకి పని కూడా పడాలి. నాన్నగార్ని రోజుకి మూడు నాలుగుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోమను, మొదట చేతులు ఆనించి, అలవాటయ్యాక ఆనించకుండా, ఎన్నిసార్లు లేవగలిగారో నీ కాగితంలోనే పక్కన రాసుకో. పాలో గుడ్డో అది అవ్వగానే ఇస్తే ఇంకా మంచిది. పొట్ట మీద కుట్లు కాబట్టి బరువులెత్తడం, గట్టిగా ముక్కడం మాత్రం సర్జన్ సరే అనేదాకా వద్దు. తూకం వారానికి ఒక్కసారే, అదే మెషీన్ మీద, పొద్దున్నే, అవే బట్టలతో. రోజూ చూస్తే మీకు బీపీ వస్తుంది.